మూలన పడున్న 3 హెచ్‌పీ మోనోబ్లాక్‌ని జనరేటర్ చేయించాం, వాడాక రివ్యూ

ముందే రేటింగ్ చెప్పేస్తా, 5కి 4. పోయిన ఆ ఒక్క మార్కు సంగతి మధ్యలో వస్తది, ఓపికుంటే చదవండి. రివ్యూ దేనికంటే, మా ఇంట్లో వాడకుండా పడున్న 3 హెచ్‌పీ త్రీఫేజ్ మోనోబ్లాక్ పంపుని కింద టౌన్‌లో ఒక వైండింగ్ షాపులో ఇచ్చి జనరేటర్‌గా మార్పించాం, దాన్ని గెడ్డ (కొండవాగు) నీళ్ళతో తిప్పి ఇంటికి కరెంటు వాడుకుంటున్నాం. ఒక వానాకాలం, ఒక కాఫీ సీజను, ఒక ఎండాకాలం అన్నీ చూశాకే రాస్తున్నా. షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే కింద ఒక కంప్లయింట్ కూడా ఉంది, రేపు బేరింగ్ పోతే మళ్ళీ ఆయన దగ్గరికే పోవాలి కదా.

మాది లంబసింగి దాటి చింతపల్లి వైపు కొండల్లో చిన్న ఊరు. కాఫీ, మిరియాలు. లైన్ కరెంటు లేదని కాదు, ఉంది, కానీ గాలివాన వస్తే ఏ సిల్వర్ ఓక్ కొమ్మో తీగల మీద పడుద్ది, ఇక లైన్‌మన్ ఘాటీ ఎక్కి వచ్చి ఎక్కడ తెగిందో వెతికి బాగుచేసేదాకా చీకటే. సోలార్ పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు, ఎండాకాలం బానే పనిచేస్తది, జూలై ఆగస్టుల్లో పట్టపగలే లైటు వేసుకునే చోట ప్యానెల్ మాత్రం ఏం చేస్తది పాపం. చిన్న పెట్రోల్ జనరేటర్ అంటారా, లీటరుకి రెండు యూనిట్లు వస్తే గొప్ప, యూనిట్ యాభై పైన పడుద్ది, పైగా ఆ సౌండుకి పక్కింటోళ్ళతో గొడవ. గెడ్డ చూస్తే వానలు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా ఇంటి వెనకే హోరుమని ఊరికే పోతా ఉంటది. మా బావ కళ్ళు దాని మీద ఎప్పట్నుంచో ఉన్నాయి.

మోటార్‌కి కరెంటిస్తే తిరుగుద్ది, మోటార్‌ని తిప్పితే కరెంటొస్తది, ఇంతవరకు స్కూల్లోనే చెప్పారు. ఇదేం కొత్త విషయం కూడా కాదు, శ్రీశైలం ఎడమగట్టు పవర్‌హౌస్‌లో 150 మెగావాట్లవి 6 యూనిట్లు ఉన్నాయి, నీళ్ళు కిందకి వదిలితే కరెంటు తీస్తాయి, కరెంటిస్తే అవే మెషిన్లు తిరగబడి నీళ్ళు వెనక్కి తోడతాయి. సాగర్‌లో కూడా 100.8 మెగావాట్లవి 7 అలాంటివే. కొత్త రైలింజన్లు బ్రేకేసినప్పుడు వాటి మోటార్లే జనరేటర్లయి కరెంటుని పైన వైరులోకి తిరిగి పంపిస్తాయి. కానీ శ్రీశైలంలో ఉండే మెషిన్ వేరు, మన పొలం మోటార్ వేరు. మనది ఇండక్షన్ మోటార్, దాని రోటార్‌లో, అంటే లోపల తిరిగే భాగంలో, అయస్కాంతమూ ఉండదు, తీగ చుట్టా ఉండదు, అల్యూమినియం కడ్డీలు ఇనప రేకుల్లో పోతపోసి ఉంటాయి అంతే. లైన్ నుంచి కరెంటొస్తేనే దానికి మాగ్నెటిజం పుడుద్ది. మరి లైనే లేని చోట ఊరికే చేత్తో తిప్పితే ఏమొస్తది, టెస్టర్ కూడా వెలగదు. ఇది తెలీక చాలామంది పంపుని ఇంజన్‌కి బెల్టేసి తిప్పి, ఏం రాలేదు అబద్ధం అని వదిలేస్తారు.

కిటుకంతా కెపాసిటర్లలో ఉంది, అంటే కరెంటుని కాసేపు దాచుకుని తిరిగిచ్చే డబ్బాల్లో. మోటార్ ఇంతకుముందు వాడింది అయితే ఇనుములో కొద్దిగా పాత మాగ్నెటిజం మిగిలుంటది, తిప్పితే దానివల్ల ఒకట్రెండు ఓల్టులు పుడతాయి, వైండింగ్‌కి అడ్డంగా కెపాసిటర్ ఉంటే ఆ కొంచెం ఓల్టేజీకే కాస్త కరెంటు తిరిగి వైండింగ్‌లోకి వస్తది, దాంతో మాగ్నెటిజం పెరుగుద్ది, ఓల్టేజీ పెరుగుద్ది, మళ్ళీ కరెంటు పెరుగుద్ది, అలా పెరిగి పెరిగి ఇనుము ఇక పట్టను అన్న చోట ఆగుద్ది. మీటర్ పెట్టుకుని చూస్తే భలే ఉంటది, కాసేపు 3, 4 అని కదలకుండా ఉండి సడన్‌గా 240 దగ్గరికి ఎక్కేస్తది. స్పీడ్ మాత్రం నేమ్‌ప్లేట్ మీద రాసింది చాలదు. ప్లేట్ మీద 1440 అని ఉంటది, అది మోటార్‌గా తిరిగే స్పీడు. జనరేటర్‌గా 50 హెర్ట్జ్ కరెంటు రావాలంటే 1500 దాటించి తిప్పాలి, మాది లోడ్ మీద 1550 దగ్గర తిరుగుతా ఉంటది.

ఇక షాపు. మేస్త్రికి అరవై దాటుంటాయి, షాపు నిండా కాలిపోయిన వైండింగులు, వార్నిష్ వాసన. బావ విషయం చెప్పగానే "ఏటి బాబూ, పంపుకి కరెంటివ్వడం మానేసి పంపునే కరెంటు అడుగుతున్నారేటి" అని నవ్వాడు, అయితే నవ్వి పంపెయ్యలేదు, స్టూలు లాగి కూర్చోబెట్టి మొత్తం విన్నాడు. ఫుల్ మార్కులు పడింది ఇక్కడే. మా మోటార్ స్టార్ కనెక్షన్‌లో (మూడు వైండింగుల ఒక్కో కొసని ఒకే చోట ముడేసే పద్ధతి) 415 ఓల్టులకి చుట్టింది, మన దగ్గర 3 హెచ్‌పీ, అంతకంటే చిన్న త్రీఫేజ్ మోటార్లు ఎక్కువగా అలాగే వస్తాయి, పైగా స్టార్ ముడి లోపలే వేసేసి బయటికి మూడే వైర్లు ఇస్తారు. దాన్నే డెల్టాకి, అంటే మూడు వైండింగులూ కొసకి కొస కలిపి త్రికోణంలా, మారిస్తే ఒక్కో వైండింగ్ మీద 240 వస్తది, అంటే మన ఇంటి సింగిల్ ఫేజ్‌కి సరిగ్గా సరిపోద్ది, రీవైండింగ్ ఖర్చు లేదు. ఆయన కవర్ విప్పి, లోపల వార్నిష్‌తో గట్టిపడిపోయిన ఆ ముడిని బ్లేడుతో కొంచెం కొంచెం చెక్కి, మూడు కొసలు విడదీసి, వాటికి వైర్లు సోల్డరింగ్ చేసి స్లీవులు తొడిగి ఆరు వైర్లు బయటికి తీశాడు. కొస తెగితే వైండింగ్ మొత్తం పోయినట్టే, అందుకని ఆ కాసేపు షాపులో ఎవర్నీ మాట్లాడనివ్వలేదు.

త్రీఫేజ్ మోటార్ నుంచి సింగిల్ ఫేజ్ తీయడానికి ఒక పద్ధతి ఉంది, ఒక ఫేజ్ మీద ఒక వంతు కెపాసిటర్, రెండో ఫేజ్ మీద దానికి రెట్టింపు, మూడో ఫేజ్ ఖాళీ. లోడ్ అంతా ఒక వంతు పెట్టిన ఫేజ్ మీదే తీసుకోవాలి. మాకు 36 మైక్రోఫారడ్‌వి మూడు సరిపోయాయి, ఒకవైపు ఒకటి, ఇంకోవైపు రెండు. ఇలా చేస్తే మోటార్ కెపాసిటీలో సుమారు 80 శాతం దాకా వాడుకోవచ్చు. ఒక మెలిక ఏంటంటే ఏ వైపు తిరుగుతుందో దాన్నిబట్టి ఆ రెట్టింపు కెపాసిటర్ ఏ ఫేజ్ మీద ఉండాలో మారిపోద్ది. షాపులో ముందు ఒకవైపు పెట్టి టెస్టింగ్ మోటార్‌తో బెల్టేసి తిప్పారు, ఓల్టేజీ వచ్చింది కానీ లోడ్ పెట్టాక ఒకటే ఘూంకారం, కాసేపటికే బాడీ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. వెంటనే ఆపి రెండు వైర్లు అటుదిటు మార్చాడు, సౌండు పోయింది. ఇది తెలియని షాపులో ఇస్తే అలాగే ఇచ్చి పంపిస్తారు, నాలుగు రోజులకి వైండింగ్ మాడుద్ది.

ఇప్పుడు కంప్లయింట్. అంత బాగా పనిచేసిన మనిషి ఇంటికి పంపేటప్పుడు పెట్టిన కెపాసిటర్లు మాత్రం స్టార్టింగ్ కెపాసిటర్లు, ఆ నల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటదే, సింగిల్ ఫేజ్ పంపుల్లో స్టార్టింగ్‌కి వాడేది. అవి రెండు మూడు సెకన్లు పనిచేసి పక్కకి తప్పుకోవడానికి చేసినవి, రోజంతా లైన్‌లో ఉండటానికి కాదు. పైన బిగించిన రోజే ఒకటి మూత ఉబ్బి ఢామ్మని పేలింది, షెడ్డంతా తెల్లటి తుక్కు, ముక్కు పుటాలు మండే వాసన, అదృష్టం ఎవరూ దగ్గర లేరు. ఫోన్ చేస్తే "స్టాకులో అవే ఉన్నాయి బాబూ, కొన్నాళ్ళు ఆగుతాయనుకున్నాను" అన్నాడు. తర్వాత రన్నింగ్ కెపాసిటర్లు ఫ్రీగానే ఇచ్చాడు, ఏసీల్లో వచ్చే ఆ అల్యూమినియం డబ్బావి, 440 ఓల్టుల రేటింగ్ ఉన్నవి, అవి ఇప్పటికీ బానే ఉన్నాయి. మీరు చేయిస్తే కెపాసిటర్ మీద రాసింది మీ కళ్ళతో చదువుకోండి, 440 లేకపోతే తీసుకోవద్దు.

పంపుని టర్బైన్‌గా వాడటం అనేది ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. మోనోబ్లాక్ కాబట్టి పంపూ మోటారూ ఒకే షాఫ్ట్ మీద ఉంటాయి, బెల్టు లేదు పుల్లీ లేదు, నీళ్ళు డెలివరీ వైపు నుంచి లోపలికి పంపి సక్షన్ వైపు బయటికి వదిలేస్తే ఇంపెల్లర్, అంటే పంపులోని రెక్కల చక్రం, వెనక్కి తిరుగుద్ది. ఫుట్‌వాల్వ్, ఎన్‌ఆర్‌వీ లాంటి నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే వాల్వులు ఏమున్నా తీసెయ్యాలి. వెనక్కి తిరుగుద్ది కాబట్టి ఇంపెల్లర్ నట్టు ఊడొచ్చే ప్రమాదం ఉంది, మేస్త్రి దానికి లాక్ వాషర్ వేసి ఇచ్చాడు, అడక్కుండానే. నీళ్ళ లెక్క మాత్రం మనమే వేసుకోవాలి, షాపుకి సంబంధం లేదు. తాపీ మేస్త్రుల దగ్గర ఉండే వాటర్ లెవెల్ ట్యూబుతో కొండ మీద నుంచి మెట్లు మెట్లుగా కొలుచుకుంటా వస్తే మాకు 18 మీటర్ల ఎత్తు వచ్చింది. గెడ్డ నీళ్ళు పైపులోకి మళ్ళించి 200 లీటర్ల డ్రమ్ము కింద పెడితే 13 సెకన్లలో నిండింది, అంటే సెకనుకి 15 లీటర్లు. ఎత్తుని లీటర్లతో, 9.81తో గుణిస్తే 2600 వాట్ల పైచిలుకు, అదంతా రాదు, పంపు కొంత తింటది, మోటార్ కొంత తింటది, సగం వస్తే సంతోషం. మాకు 1200 వాట్ల దగ్గర వస్తుంది. పంపు ప్లేట్ మీద రాసిన హెడ్ (నీళ్ళు ఎక్కించే ఎత్తు) చూసి అంతే ఎత్తు చాలనుకోవద్దు, టర్బైన్‌గా తిప్పాలంటే దానికి ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కావాలి, నీళ్ళు కూడా ఎక్కువే అడుగుద్ది.

దీనికి పెద్ద మైనస్, ఎండాకాలం. మార్చి వచ్చేసరికి గెడ్డ సగమయింది, కరెంటు సగమవుద్దిలే అనుకుంటాం, సగం కాదు, దాదాపు సున్నా. అసలు టర్బైన్లలో నీళ్ళు తగ్గితే దానికి తగ్గట్టు సర్దుకోవడానికి కదిలే రెక్కలు గానీ నాజిల్ గానీ ఉంటాయి, పంపుకి అలాంటివేం లేవు, దానికి కావాల్సినంత నీళ్ళు వస్తే తిరుగుద్ది, లేకపోతే అలిగి కూర్చుంటది. ఆకుల బాధ ఇంకోటి, పైన గెడ్డ నీళ్ళు పైపులోకి దిగే తొట్టి దగ్గర జాలీకి సిల్వర్ ఓక్ ఆకులు చాపలా పరుచుకుని అంటుకుపోతాయి, గాలి ఎక్కువున్న రోజుల్లో పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు పైకెక్కి లాగెయ్యాల్సిందే, పిల్లలకి పాకెట్ మనీ అక్కడే.

అసలు సమస్యకి వస్తున్నా. మోటార్ కరెంటివ్వడం కష్టం కాదు, ఇచ్చే కరెంటుని 240 దగ్గర నిలబెట్టడమే కష్టం, దీని గురించి ఆ షాపులో గానీ, మేం అడిగిన ఇంకో రెండు షాపుల్లో గానీ ఒక్కళ్ళూ నోరు విప్పలేదు. ఇంట్లో మిక్సీ ఆపేశాం, టీవీ ఆపేశాం, ఆ సంగతి పైపులో వచ్చే నీళ్ళకి తెలీదు కదా, అవి అదే బలంతో తోస్తాయి, లోడ్ లేదు కాబట్టి స్పీడ్ పెరుగుద్ది, స్పీడుతోపాటు ఓల్టేజీ 300 దాటి పోద్ది. మా సెట్‌టాప్ బాక్సు, వరండాలో రెండు ఎల్‌ఈడీ బల్బులు అలాగే పోయాయి. తర్వాత కొన్నాళ్ళు ఏం చేశామంటే లోడ్ తగ్గకుండా ఇంటి చుట్టూ పాత ఫిలమెంట్ బల్బులు పెట్టి రాత్రీ పగలూ ఆపకుండా వెలిగించాం, ఊళ్ళో వాళ్ళంతా పెళ్ళెవరిదని అడిగేవాళ్ళు.

చివరికి వైజాగ్‌లో ఒకాయన దగ్గర లోడ్ కంట్రోలర్ చేయించాం. చిన్న పెట్టె, ఓల్టేజీని చూస్తా ఉంటది, ఇంట్లో వాడగా మిగిలిన కరెంటుని నీళ్ళ డ్రమ్ములో పెట్టిన హీటర్ రాడ్లలోకి తోసేస్తది. ఇంట్లో వాడకం పెరిగితే రాడ్లకి తగ్గిస్తది, తగ్గితే వాటికి పెంచుద్ది, మోటార్‌కి మాత్రం ఎప్పుడూ ఒకే బరువు. ఇది పెట్టాక మీటర్ 230, 245 మధ్యే ఆడుతుంది. దీంతోపాటు లంబసింగి చలిలో డిసెంబర్ నెలంతా ఇంటిల్లిపాదికీ వేడినీళ్ళ స్నానం, కట్టెలు లేవు, గీజర్ లేదు. మా అత్తకి జనరేటర్ అంటే ఆ డ్రమ్మే, లైట్లు ఆవిడ లెక్కలో లేవు. ఒక జాగ్రత్త ఏంటంటే డ్రమ్ములో నీళ్ళు అయిపోతే రాడ్ మాడిపోద్ది, రాడ్ పోతే మిగులు కరెంటుకి దారి లేక ఓల్టేజీ మళ్ళీ ఎగురుద్ది, అందుకని గెడ్డ నుంచి సన్నటి పైపు ఒకటి ఎప్పుడూ డ్రమ్ములో కారేలా వదిలేశాం, పొంగింది పొంగి కింద కూరపాదుల్లోకి పోద్ది. ఓల్టేజీ మరీ పెరిగితే ఇంటి లైన్ తెంపేసే రిలే కూడా అందులోనే పెట్టించాం. ఒక్క మార్కు పోయింది ఇందుకే, పేలిన కెపాసిటర్ కంటే కూడా, కంట్రోలర్ లేకుండా ఇది సగం వస్తువని ముందే చెప్పకపోవడానికి.

ఏం నడుస్తాయి ఏం నడవవు అంటే, లైట్లు, టీవీ, ఫోన్ ఛార్జర్లు, ల్యాప్‌టాప్, ఫ్యాన్లు, మిక్సీ హాయిగా నడుస్తాయి. కాఫీ పల్పర్ (కాఫీ పళ్ళ తొక్క తీసే మెషిన్) మాత్రం నడవలేదు, దాని మోటార్ అర హెచ్‌పీయే, కానీ స్టార్టింగ్‌లో ఒక్కసారి లాగే కరెంటుకి మన కెపాసిటర్ల బలం సరిపోదు, స్విచ్ వెయ్యగానే మోటార్ ఒక్క మూలుగు మూలిగి ఇల్లంతా చీకటి. మేం నవంబర్, డిసెంబర్‌లలో పళ్ళు పల్పింగ్ చేసుకోవడానికే ఎక్కువ ఆశపడ్డాం, అది పాత పెట్రోల్ ఇంజన్ మీదే సాగుతుంది. అయితే ఈ చీకటైపోవడంలో మంచి కూడా ఉంది, ఓవర్‌లోడ్ అయినా, ఎక్కడైనా షార్ట్ అయినా దీని మాగ్నెటిజం దానంతటదే చచ్చిపోద్ది, వైర్లు మాడవు. కాకపోతే ఒక్కోసారి ఆ మిగిలుండాల్సిన కొద్ది మాగ్నెటిజం కూడా పోద్ది, అప్పుడు ఎంత తిప్పినా మీటర్ లేవదు. దానికి వైద్యం మేస్త్రే నేర్పించాడు, మెషిన్ ఆపేసి, వైర్లు విడదీసి, బావ బండి 12 ఓల్టుల బ్యాటరీని ఒక వైండింగ్‌కి కొద్ది సెకన్లు తాకించి తీసేయడమే, మళ్ళీ తిప్పితే లేస్తది.

ఛేంజోవర్ స్విచ్, అంటే లైన్ కరెంటో జనరేటరో ఏదో ఒకటే ఇంటికి కలిపే స్విచ్, లేకుండా మాత్రం ఎవరూ ఇంటి వైరింగ్‌కి కలపొద్దు, దండం పెడతా. లైన్ కరెంటు పోయిందని మనం మన జనరేటర్ వేసుకుంటే, మధ్యలో స్విచ్ లేకపోతే ఆ కరెంటు మీటర్ దాటి వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్‌లో ఎక్కి పైన వేల ఓల్టులవుద్ది, స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు.

మా తమ్ముడి ఫ్రెండ్స్ ఆన్‌లైన్‌లో వచ్చే 775 మోటార్లు, ఆ చిన్న డీసీవి, కొనొచ్చా అని అడుగుతుంటారు. కొనొచ్చు, అందులో అయస్కాంతం ఉంటది కాబట్టి కెపాసిటర్ల గోల లేదు, తిప్పగానే ఓల్టేజీ వస్తది. కానీ 12 ఓల్టులకి నిమిషానికి 10 వేల చుట్లు తిరిగే మోటార్ మళ్ళీ 12 ఓల్టులు ఇవ్వాలంటే దాన్ని అంత స్పీడులోనే తిప్పాలి. చేతి హ్యాండిల్‌తో 500 చుట్లు తిప్పితే అర ఓల్టు పైన కొంచెం. నెమ్మదిగా తిరిగేదానికి కావాలంటే పాడైన ఎలక్ట్రిక్ సైకిల్ చక్రంలోని హబ్ మోటార్ వెతుక్కోండి, 36 ఓల్టులది చక్రం మూడొందల చుట్ల లోపే అంత ఓల్టేజీ ఇచ్చేస్తది, మూడు వైర్లకి ఏసీని డీసీ చేసే త్రీఫేజ్ బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఒకటి పెట్టి డీసీ తీసుకోవచ్చు. ఇక మోటార్‌తో జనరేటర్‌ని తిప్పి, ఆ జనరేటర్ కరెంటుతో అదే మోటార్‌ని నడిపే వీడియోలు ఉన్నాయే, మోటార్ 80 శాతం, జనరేటర్ 80 శాతం మంచివే అనుకున్నా చివరికి చేతికొచ్చేది 64, మిగతాది ఎక్కడ్నుంచి వస్తుందో టేబుల్ కింద వైరు వెతకండి.

ఖర్చు చెప్పాలంటే పంపు మాదే కాబట్టి లెక్కలో లేదు. షాపులో కనెక్షన్ మార్చి కొత్త బేరింగులు, కెపాసిటర్లు, బోర్డు అన్నీ కలిపి ఐదు వేల లోపే అయింది, కంట్రోలర్ దానికి రెట్టింపు దాటింది, పైపులు ఈ రెండూ కలిపిన దానికంటే చాలా ఎక్కువ. 140 ఎంఎం పైపు వేశాం, సన్నటిది వేస్తే రాపిడికే మీటర్లకి మీటర్లు ఎత్తు పోద్ది, అక్కడ మిగుల్చుకుంటే ఇక్కడ లైటు వెలగదు. పైపుల కోసం గుంతలు తవ్వింది మొత్తం బావ, ఆయన కూలి ఎవరూ లెక్కెయ్యలేదు, ఇది చదివితే గుర్తుచేస్తాడు.

మాది చూసి పక్క ఊరోళ్ళు వాళ్ళ 5 హెచ్‌పీ మోటార్ తీసుకుని అదే షాపుకి వెళ్ళారు. ఆ సైజువి ఎక్కువగా డెల్టాలోనే 415కి చుట్టి వస్తాయి, ఇంటి కరెంటు కావాలంటే రీవైండింగ్ చెయ్యాలి లేదా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి అన్నాడంట మేస్త్రి. రేటు విని మోటార్ అక్కడే వదిలేసి వచ్చారు, ఇంకా తేల్చలేదు. ఈసారి కంట్రోలర్ సంగతి మాత్రం ఆయనే ముందు చెప్పాడంట.